కన్వర్ట్ బటన్ దొరవారి సముఖానికి

మహారాజశ్రీ కన్వర్ట్ బటన్ గారికి, ఒక అర్జీదారు నమస్కరించి చేసుకునే విన్నపం.

శ్రీరామనవమి పందిట్లో గంటన్నరసేపు సాగిన హరికథను అర్జీదారు ఫోన్లో వీడియో తీశాడు. ఫైలు పది జీబీ దాటింది. ఇంట్లో పెద్దావిడకు చూపు మందగించింది, బొమ్మతో పనిలేదు, కథ వినబడితే చాలు. అందుకని ఫైలును కంప్యూటర్లోకి ఎక్కించి తమరిని నొక్కాడు. ఫ్యాను హోరెత్తింది. చాలాసేపటికి 216 మెగాబైట్ల ఎంపీ3 చేతికొచ్చింది. హరిదాసు గొంతు బాగానే ఉంది. చిడతలే చెడ్డాయి.

ఎంపీ4 ఫైలంటే టిఫిన్ క్యారియర్. బొమ్మ ఒక గిన్నెలో, శబ్దం ఇంకో గిన్నెలో ముందే సర్ది ఉంటాయి. ఫోన్ వీడియోల్లో ఆ శబ్దం మామూలుగా ఏఏసీ పద్ధతిలో అప్పటికే కుదించి ఉంటుంది. అర్జీదారు అడిగింది ఆ గిన్నె తీసి ఇమ్మని. తమరు కూరను మళ్ళీ పొయ్యెక్కించారు!

ఏఏసీ అయినా ఎంపీ3 అయినా చెవి పసిగట్టదనుకున్నదాన్ని పారేసే పద్ధతులే. ఒకసారి వడకట్టినదాన్ని ఇంకోసారి వడకడితే పోయేదే తప్ప వచ్చేది లేదు. పైగా ఎంపీ3 శబ్దాన్ని 1152 శాంపిళ్ల ఫ్రేములుగా, అంటే సీడీ వేగంలో సుమారు 26 మిల్లీసెకన్ల ముక్కలుగా కోస్తుంది. టక్కుమని చిడత మోగితే, కుదింపులో పుట్టిన రొద ఆ మోతకంటే ముందుకు కూడా పాకుతుంది. ఇంజనీర్లు దీన్ని ప్రీ-ఎకో అంటారు. దీన్ని పట్టుకోవడానికి వాళ్ళు వాడే పేరుమోసిన పరీక్ష కాస్టనెట్ల రికార్డింగు. కాస్టనెట్లంటే స్పెయిన్ వాళ్ళ చిడతలే అనుకోండి. మన హరిదాసులు ఆ పరీక్షను ఏటా పందిళ్లలో పెడుతూనే ఉన్నారు.

ఇక సెకనుకు 320 కిలోబిట్ల సంగతి. తమరు ముందే టిక్కు పెట్టి ఉంచారు. వీడియోలో ఉన్న శబ్దం 128 మాత్రమే. గంటన్నరకు సుమారు 86 మెగాబైట్లు. పల్చటి మజ్జిగను పెద్ద బిందెలో పోసి పెరుగంటే పెద్దావిడ ఒప్పుకోరు.

ఫాబ్రిస్ బెలార్ 2000లో మొదలుపెట్టిన ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఉచితంగా దొరుకుతుంది. తమ కులస్థుల్లో చాలామంది వెనక వంట చేసేది అదే. దానికి ‘వీఎన్’ అంటే బొమ్మ వదిలేస్తుంది, ఆడియోకు ‘కాపీ’ అంటే శబ్దాన్ని ముట్టకుండా ఎం4ఏ ఫైల్లో పెడుతుంది. అర్జీదారు టీ చల్లారకముందే పని ముగిసింది. ఇంత తెలిసిన వంటవాణ్ణి పెట్టుకుని తమరు ఆ సదుపాయాన్ని ఎక్కడో మూడో మెనూలో దాచారేం?

ఆన్‌లైన్లో ఉండే తమ దాయాదుల జోలికి అర్జీదారు పోలేదు. ఉచిత కన్వర్టర్ల పేరిట వైరస్‌లు అంటిస్తున్నారని అమెరికా ఎఫ్‌బీఐ డెన్వర్ కార్యాలయం 2025 మార్చిలో హెచ్చరించింది.

ఎంపీ3 అసలే వద్దని కాదు. పాత కారు స్టీరియోలు కొన్ని ఎం4ఏను గుర్తుపట్టవు. అక్కడ తమ సేవ కావలసిందే. మిగతాచోట్ల, తమ పక్కనే ‘ఉన్నదున్నట్టు తీయి’ అని చిన్న బటన్ ఒకటి పెట్టించగలరు.

ఇట్లు,
అర్జీదారు.

జత: అదే హరికథ, ఎం4ఏలో. ప్రస్తుతం పెద్దావిడ రెండోసారి వింటున్నారు. వారు వదిలాక పంపబడును.