సైటు రెడీ... రేటేదీ?

సూరత్ రింగ్ రోడ్డు బట్టల మార్కెట్‌ను పట్టిన కొత్త జ్వరం వెబ్‌సైట్. లింబాయత్‌లో మరమగ్గాల మోత మధ్య బతికే మన పద్మశాలీ వ్యాపారులకూ అంటుకుంది.

ఇక ఓ సేఠ్ దగ్గర బేరాలు మొదలు. సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ 2003లో పుట్టింది, ఉచితం. ప్రపంచంలో పది సైట్లుంటే నాలుగు దానిమీదే నడుస్తున్నాయి. 'ఉచితం' వినగానే సేఠ్ మొహం వెలిగింది. డొమైన్, హోస్టింగ్, థీమ్ బిల్లులు చూడగానే ఆరింది. షాపిఫైకి నెలనెలా అద్దె. కట్టకపోతే షట్టర్ దించేస్తుంది. జూమ్లా, డ్రూపల్ పేరెత్తినవాడికి చాయ్ కూడా రాలేదు.

చివరికి వర్డ్‌ప్రెస్ అన్న మేనల్లుడి మాటే నెగ్గింది. వాడికి తెలిసింది అదొక్కటే మరి!

సైటు లేచింది. పైన వినాయకుడు, పక్కన తాతగారు, కింద ఎగిరే అక్షరాలు. చీర ధర? 'ఫోన్ చేయండి'. స్టాకు? నిరుటి దీపావళిది. పాస్‌వర్డ్? మేనల్లుడితోపాటు ఉద్యోగానికి పుణె వెళ్లింది. ఆర్డర్లు మాత్రం యథాప్రకారం వాట్సాప్‌లోనే.

ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని పదిమందిని అడిగిన సేఠ్, రోజూ రేట్లు మార్చేదెవరని ఒక్కరినీ అడగలేదు. పోనీలెండి, ఆ పదింట నాలుగు లెక్కకైనా ఒకటి కలిసింది!