బండల బాబాయ్

గృహప్రవేశానికి పిలిస్తే చుట్టాలంతా వ్రతం జరిగే హాల్లో కూర్చుంటారు. బండల బాబాయ్ చెప్పులు విప్పి తిన్నగా వంటింట్లోకి వెళ్తాడు. పొంగించిన పాలు ఇంకా పొయ్యి మీదే ఉంటాయి. ఆయన పొయ్యి కింద రాయిని మెటికతో రెండుసార్లు కొట్టి, అంచు కిందికి వేళ్లు పోనిచ్చి మందం చూస్తాడు. "పద్దెనిమిది మిల్లీమీటర్ల రాయికి కింద పట్టీ అంటించి రెండింతలు చూపించార్రా," అని ఇంటాయన చెవిలో చెబుతాడు. పట్టుపంచెలో చెమటలు కక్కుతున్న ఇంటాయన ఆ రాయికి డబ్బులు ఇంకా పూర్తిగా కట్టి కూడా ఉండడు.

ప్రతి బంధువర్గంలోనూ ఇలాంటి బాబాయ్ ఒకడుంటాడు. రిటైరైన బ్యాంకు ఉద్యోగో, లెక్కల మాస్టారో అయి ఉంటాడు. సొంతిల్లు కట్టుకున్నప్పుడు గ్రానైటు దుకాణాల చుట్టూ తిరగడం మొదలెట్టాడు. ఇల్లు పూర్తయింది గానీ తిరుగుడు ఆగలేదు.

ఒంగోలు దగ్గరి చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ కనిపిస్తే ఆయనకు పూనకమే. నల్లటి రాతిలో బంగారు చుక్కలు చూపించి ఇంటావిడ మురిసిపోతుంటే, "దీన్ని గ్రానైటంటారు గానీ ఇది గాబ్రో జాతి రాయమ్మా. ఆ మెరిసేది బ్రాంజైట్ అనే ఖనిజం," అంటాడు. అడుగుకింత చొప్పున పోసి కొన్నది గ్రానైటే కాదని ఆ మహాతల్లికి సత్యనారాయణస్వామి ప్రసాదం కలుపుతుండగా తెలియాలా?

పాలరాయి వేయించిన ఇళ్లలో ఆయనతో ఇంకా ప్రమాదం. పులిహోరకు కోసిన నిమ్మచెక్క ఒకటి తెచ్చి, మూలగా రెండు చుక్కలు పిండి, కబుర్లు చెబుతూ నిలబడతాడు. పాలరాయంటే కాల్షియం కార్బొనేటు, పులుపు తగిలితే కరుగుతుంది. తుడిచాక అక్కడ మెరుపు పోయి మసక మసగ్గా ఉంటుంది. "చూశారా? రేపు చింతపండు పిసికినా ఇంతే." చెప్పేది నిజమే కాబట్టి ఎవరూ ఏమీ అనలేరు. కడప బండా సున్నపురాయేనని, పాత ఇళ్లలో ఊరగాయ జాడీల కింద వలయాలు అందుకే పడ్డాయని కూడా చెప్పి గానీ వదలడు.

క్వార్ట్జ్ వేయించినవాళ్లు బతికిపోయామనుకుంటారు. అందులో తొంభై శాతం దాకా క్వార్ట్జ్ పొడి, మిగతాది రెసిన్. నిమ్మకాయకు లొంగదు. బాబాయ్‌కి అప్పుడు బాణలి గుర్తొస్తుంది: పొయ్యి మీంచి దించి నేరుగా పెడితే రెసిన్ కమిలి మచ్చ పడుతుంది. ఆ తర్వాత ఆస్ట్రేలియా. ఈ పలకలు కోసేవాళ్లు సిలికా దుమ్ము పీల్చి సిలికోసిస్ పాలవుతున్నారని 2024 జూలై 1 నుంచి ఆ దేశం వీటిని నిషేధించింది. ఇది చెప్పేటప్పుడు మాత్రం ఆయన గొంతులో వెటకారం ఉండదు. గ్రానైటులోనూ సిలికా ఉంటుందని, కాకపోతే తక్కువని, ఏ రాయైనా నీళ్లు పోస్తూనే కోయించమని ఒకటికి రెండుసార్లు చెబుతాడు. బాబాయ్‌ని భరించడానికి ఈ ఒక్క కారణం చాలు.

గోడ వైపు తిరిగితే డాడో టైల్స్ ఉండనే ఉన్నాయి. టైలుకు మరక అంటదు గానీ మధ్య సందుల్లోని సిమెంటు పసుపు తాగేస్తుంది. ఎపాక్సీ పెట్టించాల్సిందంటాడు. పసుపు మరక ఎండకు పోతుంది కదా అని ఎవరైనా అంటే, "పొయ్యి వెనక గోడకు ఎండెక్కడిదిరా?" అని నోరు మూయిస్తాడు.

ఇక ఆయన సొంత వంటిల్లు. నలుపు సహజమో పూసిన రంగో తెలియడానికి అసిటోన్‌తో తుడిచి మరీ తెచ్చిన జెట్ బ్లాక్ పలక, నిజంగా ఇరవై మిల్లీమీటర్లు. ఎత్తెంత పెట్టమంటారని మేస్త్రి అడిగితే, పలక అంచు నిమురుతూ "నా నడుం దాకా పెట్టు" అన్నాడు. పిన్ని ఐదడుగులు కూడా ఉండదు. పప్పు మెదపాలంటే పీటెక్కాల్సిందే. ఆ పీట ఏం చెక్కో అడగండి, బాబాయ్ ఠక్కున చెబుతాడు: పనస, తడికి తొందరగా పుచ్చదు.