బైపాస్ ఫ్యాట్ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం:
ఈనిన పాడి ఆవునకు దినమునకు 150 గ్రాముల బైపాస్ ఫ్యాట్ దాణాలో కలిపి పెట్టవలెను.

అవతారిక: పాల కేంద్రంలో వెన్న శాతం చూసి రేటు కట్టడం లోకవిదితం. అంకె తగ్గిన పూట రైతు మొదట మిషన్‌ని, తర్వాత మిషన్ దగ్గర కూర్చున్న కుర్రాణ్ణి, ఆఖరున ఆవుని అనుమానిస్తాడు. ఆ మూడో అనుమానంతోనే ఈ బస్తా కొంటాడు. పై సూత్రం బస్తా మీద అచ్చయినది. గ్రంథకర్త పేరు లేదు, ఎక్స్‌పైరీ తేదీ ఉంది.

ప్రతిపదార్థం: ఈనిన = ఈని మూణ్నెల్లు దాటని; పాడి ఆవునకు = రోజుకు పది లీటర్లకు తగ్గని సంకరజాతి ఆవుకు (చెంబెడు పాలకు చేపేదానికి కాదని భావం); దినమునకు = రోజూ, గుర్తొచ్చినప్పుడు కాదు; 150 గ్రాముల = తూచిన (యజమాని గుప్పెడు ప్రమాణం కాదు); బైపాస్ ఫ్యాట్ = మొదటి పొట్టలో కరగకుండా దాటిపోయే కొవ్వును; దాణాలో కలిపి = తవుడు, చెక్కల మధ్య దాచి, ఏలనన ఆ వాసన ఆవుకు మొదట్లో గిట్టదు; పెట్టవలెను = స్పష్టము.

పాఠాంతరం: "ఈనిన" అనుచోట "ఈనబోవు" అని కొందరు. పది రోజుల ముందు నుంచే అలవాటు చేయమనే పశువైద్యులకు ఈ పాఠమే సమ్మతం.

శంక: కొవ్వే కావాలంటే కుడితిలో ఇంత పామాయిల్ పోస్తే చవగ్గా పోదా?

సమాధానం: పోదు. మొదటి పొట్టలో గడ్డిని అరిగించేది ఆవు కాదు, అందులో కాపురమున్న సూక్ష్మజీవులు. నూనె ఎక్కువైతే పీచుకు పూతలా పట్టి వాటి నోటికి అందనివ్వదు, కొన్నిటిని చంపుతుంది కూడా. పీచు అరగకపోతే దాన్నుంచి పుట్టే ఎసిటేట్ తగ్గుతుంది. పాలలో వెన్నకు ముఖ్యమైన ముడిసరుకు అదే. కాబట్టి వెన్న కోసం పోసిన నూనె ఉన్న వెన్నను కూడా తినేస్తుంది. పొడి మేత లెక్కన మొత్తం కొవ్వు 6, 7 శాతం దాటకూడదనే నిషేధం ఇందుకే.

బైపాస్ చేసే ఉపాయం వేరు. పామ్ నూనెలోని కొవ్వు ఆమ్లాలను కాల్షియంతో కలిపితే ఒకరకం సబ్బు అవుతుంది. పీహెచ్ 6కు పైనున్న మొదటి పొట్టలో అది చాలావరకు విడిపోదు. నాలుగో పొట్టలో ఆమ్లం తగలగానే కాల్షియం ఒక దారి, కొవ్వు ఒక దారి. ఆ కొవ్వును చిన్నపేగు పీల్చుకుంటుంది. 1980ల్లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో ఈ సబ్బుపై పరిశోధించినవారిలో ముఖ్యుడు డోనాల్డ్ పామ్‌క్విస్ట్. పేరులో పామ్ ఉండటం కాకతాళీయం, అక్కడ తాళవృక్షం కూడా ఉన్నది గనుక శాస్త్రోక్తంగానే కాకతాళీయం.

తాత్పర్యం: ఈనిన ఆరు, ఎనిమిది వారాలకే పాలు శిఖరానికి చేరతాయి. మేత తినే శక్తి ఆ ఎత్తు అందుకోవడానికి ఇంకో నెల పడుతుంది. ఈ నడిమి లోటును ఆవు తన ఒంటి కొవ్వు కరిగించి పూడుస్తుంది. అందుకే తుంటి ఎముకలు తేలడం, ఎదకు రావడం ఆలస్యం కావడం, ముదిరితే కీటోసిస్ అనే జబ్బు. పిండిపదార్థం కంటే రెండు రెట్లకు పైగా శక్తి ఉన్న కొవ్వు ఈ అప్పును కొంత తీరుస్తుంది. అంటే సూత్రం ఉద్దేశించింది ముందు ఆవు ఒంటిని. కేంద్రంలో అంకె పెరిగితే అది అనుషంగిక ఫలం. వట్టిపోయే ఆవుకు ఇదే బస్తా పెట్టి అంకె కోసం ఎదురుచూసేవారు మూలం చదవలేదని తేలుతుంది.

విశేషం: 2021 ఫిబ్రవరిలో కెనడా ప్రజలు వంటింట్లో బయటపెట్టిన వెన్న మెత్తబడటం లేదని గగ్గోలు పెట్టారు. నింద పామ్ కొవ్వు మేత మీద పడింది. అక్కడి పాడి రైతుల సంఘం వేరే మార్గం ఆలోచించమని సభ్యులను కోరింది. మన వైపు వెన్న మెత్తబడే సంగతి రోహిణి కార్తె చూసుకుంటుంది గనుక ఈ విశేషం ఇక్కడ వర్తించదు.