నిమ్మకాయే ఎయిర్‌బ్యాగు

షోరూంలో మన ఆరాలు వినాలి: సన్‌రూఫ్ ఉందా, తెర ఎన్ని అంగుళాలు, మైలేజీ ఎంత? ఆరు ఎయిర్‌బ్యాగులంటే మాత్రం "అవెందుకండీ, డబ్బు దండగ!" భద్రతను పరీక్షించి కార్లకు స్టార్లిచ్చే భారత్ ఎన్‌క్యాప్ 2023లో వచ్చింది. మనకు కావలసిన స్టార్లు సన్‌రూఫ్ తెరిస్తే రాత్రిపూట కనిపించేవే.

బెల్టు పెట్టుకోమని కారు కుయ్యోమంటే, దాని నోరు మూయించే క్లిప్పు కొంటాం. దానికి మాత్రం డబ్బులుంటాయి! అవి అమ్మొద్దని అదే ఏడాది ఈ-కామర్స్ కంపెనీలను కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ (సీసీపీఏ) ఆదేశించాల్సి వచ్చింది. వెనక సీట్లో బెల్టా? పట్టుచీర నలుగుతుంది.

కొత్త కారు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు, ముందు ఓ గుమ్మడికాయ. దక్షిణ బేరమాడకుండా ఇస్తాం. "బెల్టు పెట్టుకో నాయనా" అని పూజారిగారు మంత్రాల మధ్య అన్నారట. వినపడలేదు, హారన్ పరీక్షిస్తున్నాం.