కమాండరుగారి కట్టుడు పళ్లు

మా అపార్ట్‌మెంటులో కమాండరుగారంటే తెలియనివారు లేరు. ఆయన సైన్యంలో పనిచేయలేదు. ఓ సర్కారీ ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరై, అజమాయిషీ చేయడానికి మనుషులెవరూ దొరక్క లాబ్రడార్ పిల్లను తెచ్చుకున్నారు. పేరు బ్రూనో. ఆయనలాంటి పెద్దమనిషి కూకట్‌పల్లి నుంచి గాజువాక దాకా ప్రతి అపార్ట్‌మెంటులోనూ ఒకరుంటారు. చంకలో చుట్టిన పేపరు, కాళ్లకు వాకింగ్ బూట్లు. ఇంట్లోవాళ్లతో తెలుగు, ఫోన్లో కొడుకుతో సగం సగం, కుక్కతో మాత్రం నిఖార్సైన ఇంగ్లీషు. "సిట్! స్టే! డ్రాప్ ఇట్!" అని ఆయన గర్జిస్తుంటే అది తోకాడిస్తూ ఆయన లుంగీ అంచు నములుతూ ఉంటుంది.

ఆయనకో సిద్ధాంతం ఉంది. "ఇంట్లో లీడరెవరో కుక్కకు తెలియాలండీ! తోడేళ్ల మందలో నాయకుడు కన్నెర్రజేస్తే మిగతావన్నీ నోటి దగ్గర మాంసం వదిలేసి తప్పుకుంటాయి." ఈ తోడేళ్ల పురాణం ఆయన సొంతం కాదు. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే ఆయన, బోనులో పెట్టిన తోడేళ్లు కొట్టుకోవడం చూసి రాసిందే తర్వాత ఇలా పాకింది. ముక్కూ మొహం ఎరగనివాటిని ఒక దొడ్లో తోలితే కొట్టుకోక భజన చేస్తాయా? అడవి తోడేళ్లను ఏళ్ల తరబడి గమనించిన డేవిడ్ మెచ్, తాను కూడా ఒకప్పుడు ప్రచారం చేసిన ఆ మాటను 1999లో సరిదిద్దాడు. మంద అంటే అమ్మ, నాన్న, వాళ్ల పిల్లలు, అంతేనన్నాడు. ఆ సవరణ జీవో కమాండరుగారి టేబులు మీదికి ఇంకా రాలేదు.

అందుకని ఆయన రోజూ బ్రూనో తింటుండగా గిన్నె లాగేసి, దాని మొహంలోకి చూసి, మళ్లీ పెట్టేవారు. పరీక్ష అన్నమాట. మొదట్లో అది బిత్తరపోయి చూసింది. తర్వాత గబగబా మింగడం మొదలుపెట్టింది. ఆపైన గిన్నె మీదికి వంగి, ఒళ్లు బిగబట్టి, ఒకనాడు గుర్రుమంది. "నాకే ఎదురు తిరుగుతావా!" అని పేపరుతో మూతి మీద ఒక్కటి వేశారు.

గుర్రుమనడం కుక్క చూపే మర్యాద. కరవబోయే ముందు ఇచ్చే నోటీసు. దెబ్బ వేస్తే నోటీసు ఆగుతుంది గాని లోపలి భయం ఆగదు. అలాంటి కుక్క రేపు చెప్పాపెట్టకుండా కరవొచ్చు. కరిచేది కూడా గిన్నె లాగిన తాతను కాక, దారిన పోతూ వంగిన మనవణ్ని కావొచ్చు.

అసలు ఆ ఇంట్లో గుర్రు కొత్తేమీ కాదు. కమాండరుగారి చేతిలోని పేపర్లోంచి ఒక్క షీటు లాగి చూడండి, గొంతులోంచి ఒక ధ్వని వస్తుంది. చర్చా కార్యక్రమం మధ్యలో రిమోట్ ముడితే అదే ధ్వని. అసోసియేషన్ ప్రెసిడెంటు పదవీకాలం రెండేళ్లు. ఆయన ఎక్కి అయిదేళ్లయింది. ఇవన్నీ ఎరిగిన ఆయన భార్య, మాకందరికీ పిన్నిగారు, సీరియల్ వేళకు ఉల్లి పకోడీల ప్లేటు ఆయనకు కాస్త ఎడంగా పెడతారు. ఆయన చెయ్యి అటు సాగుతుంది, రిమోట్ ఇటు వస్తుంది. నలభయ్యేళ్లుగా ఆ ఇంట్లో గొడవ లేదు. ఆవిడ ఏ కోర్సూ చేయలేదు.

బ్రూనోకు నాలుగో నెల వచ్చింది. కుక్కపిల్లల 28 పాలపళ్లూ ఒక్కొక్కటిగా ఊడటం మొదలయ్యే కాలం. చిగుళ్లు దురదపెట్టి దొరికిందల్లా నములుతాయి. ఆ ఉదయం గ్లాసు దొర్లించి కమాండరుగారి కట్టుడు పళ్లే పట్టుకెళ్లింది.

"దాఫిత్! దాఫిత్!" అన్నారాయన.

ఈ ఇంగ్లీషు బ్రూనో ఎన్నడూ వినలేదు. డైనింగ్ టేబులు చుట్టూ పరుగు మొదలైంది. వెంటపడితే కుక్కపిల్లకు అది ఆట, అందులో గెలిచేది అదే. చివరికి సోఫా కింద దూరి గుర్రుమంది. ఆయన పేపరు చుట్టారు.

"ఏమండీ, మీరలా కూర్చోండి," అన్నారు పిన్నిగారు. ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చికెన్ ముక్క ఒకటి సోఫాకు కాస్త దూరంగా వేశారు. రెండోది ఇంకాస్త దూరంగా. పళ్లు కింద పడ్డాయి, కుక్క బయటికొచ్చింది. మిగతా ముక్కలు అటు వెదజల్లి, ఇటు పళ్లు తీసి, కడిగి, మరిగించిన నీళ్లు చల్లార్చి అందులో వేశారు.

"లంచం! ఇది పచ్చి లంచం!" పళ్లు పెట్టుకోగానే ఆయన అన్న తొలి మాట ఇది. ఆయన ఆఫీసులో ఫైళ్లు ఎలా కదిలేవో తెలిసినవాళ్లం కిటికీలోంచి బయటికి చూశాం.

ఆనాటి నుంచి బ్రూనో చదువు పిన్నిగారి చేతికొచ్చింది. బొమ్మ నోట్లో ఉండగా "ఇచ్చెయ్ నాన్నా" అంటారు, ముక్క పెడతారు, బొమ్మ తిరిగి ఇచ్చేస్తారు. ఇస్తే పోయేదేం లేదని దానికి తెలిసొచ్చింది. అది తింటున్నప్పుడు గిన్నె ముట్టరు, పక్కనుంచి పోతూ ఇంకో మంచి ముక్క పడేస్తారు. ఇప్పుడు మనిషి వస్తుంటే అది తోకాడిస్తోంది. ఒక్కటే చిక్కు, పిల్ల వ్యాపారం నేర్చింది. పక్క ఫ్లాట్ల ముందున్న చెప్పులు తెచ్చి పిన్నిగారి కాళ్ల దగ్గర పెట్టి ముక్క కోసం చూస్తోంది. ఇక చెప్పులు స్టాండు పై అరలోకి ఎక్కించక తప్పలేదు.

మీ ఇంట్లోనూ కుక్కపిల్ల ఉంటే చెప్పులతోపాటు సాక్సులూ పైన పెట్టండి. సాక్సు మింగితే పేగుల్లో అడ్డంపడి ఆపరేషన్ దాకా పోవచ్చు. ముక్క ఇచ్చి వస్తువు తీసుకునే ఈ మార్పిడి పని పసిపిల్లలకు అప్పగించకండి. కుక్కపిల్ల మీదికే వస్తుంటే పశువైద్యుడికి చూపించండి. ఉల్లిపాయ కుక్కలకు విషం, కనుక పకోడీలు కమాండరుగారికే.

అన్నట్టు, మా జనరల్ బాడీ మీటింగు వచ్చే ఆదివారం. ప్రెసిడెంటు కుర్చీ ఎవరూ లాగొద్దని మనవి. పకోడీలకు పిన్నిగారు ఒప్పుకున్నారు. శనగపిండి ఖర్చు తలా కాస్త వేసుకుందాం.