జనగామకు ఎన్ని పిక్సెళ్లు?

పిక్సెల్ అంటే ఏమిటో తెలియాలంటే జనగామ చౌరస్తాలో దసరా ఫ్లెక్సీ కింద నిలబడి తలెత్తి చూస్తే చాలు. నడుమ పెద్ద నాయకుడు నున్నగా మెరుస్తుంటాడు, ఆయన ఫొటో పార్టీ ఆఫీసు నుంచి వచ్చింది. కింది వరసలోని శుభాకాంక్షల బృందాన్ని మాత్రం ఏదో పెళ్లి గ్రూప్ ఫొటోలోంచి కత్తిరించి వాట్సాప్‌లో పంపి ఉంటారు. అందులో ఒక్కో ముఖానికి 60 పిక్సెళ్ల వెడల్పు దక్కిందనుకుందాం. దాన్ని రెండడుగులకు సాగదీస్తే పిక్సెలొక్కటి సెంటీమీటరు గడి అవుతుంది. మీసానికి అడ్డంగా ఇరవై గళ్లు, నిలువుగా మూడు. కండువాను బట్టి పార్టీ తెలుస్తుంది గానీ మనిషెవరో తెలియదు. డిజైనర్‌ను అడిగితే "రిజల్యూషన్ 300 పెట్టిన అన్నా" అంటాడు. నిజమే, అంగుళానికి 300 చొప్పున 24 అంగుళాలకు 7,200 పిక్సెళ్లు వచ్చాయి. కెమెరా చూసినవి 60. తక్కిన 7,140 పక్కపక్క గళ్ల రంగులకు సగటు కట్టి సాఫ్ట్‌వేర్ పూసిన పూత. గళ్లు ఎన్ని పెంచినా వివరం పెరగదని, ఎవరో ఒకరు దగ్గరికి పోయి చూస్తేనే పెరుగుతుందని నా వాదన. దీనికి ఫ్లెక్సీ కన్నా గట్టి సాక్ష్యం జనగామ జిల్లాయే.

2016 అక్టోబర్ 11న, సరిగ్గా దసరా నాడే, తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి. రాష్ట్రం గజం కూడా పెరగలేదు, గళ్లే పెరిగాయి. పాత వరంగల్‌లోంచి జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి విడిపోయాయి. 2019లో భూపాలపల్లిలోంచి ములుగు కూడా వేరుపడింది. అంతకుముందు, 2015-16లో, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగో విడత జరిగింది. అందులో బొగ్గు గనుల భూపాలపల్లికి, మిర్చి చేన్ల మహబూబాబాద్‌కు, ఆస్పత్రులూ కాలేజీలూ కిక్కిరిసిన హనుమకొండకు కలిపి వరంగల్ పేరిట ఒకే అంకె. నలుపు, ఎరుపు, తెలుపు కలిపి కలియబెడితే వచ్చే రంగు ఆ మూడింటిలో ఏ ఊళ్లోనూ కనిపించదు. ఇప్పుడెవరైనా ఆ అంకెనే తలా ఇంత పంచి "2015లో జనగామ పరిస్థితి ఇదీ" అని పట్టిక వేస్తే, అది కాగితం మీద కట్టిన ఫ్లెక్సీ. పైగా అంచులు కూడా కలవవు: బయ్యారం, గార్ల ఖమ్మం నుంచి మహబూబాబాద్‌లోకి వచ్చాయి, కాటారం, మహదేవపూర్ కరీంనగర్ నుంచి భూపాలపల్లిలోకి వచ్చాయి. వాటికి వరంగల్ సగటు అంటగట్టడమంటే పక్కింటాయన మీసం మన ముఖానికి అతికించడమే.

మరి 2011 జనాభా లెక్కల ప్రకారం మహబూబాబాద్ జిల్లాలో 7.74 లక్షల మంది అంటారు కదా, పుట్టని జిల్లాకు ఐదేళ్ల ముందే జనం ఎట్లా వచ్చారని ఎవరైనా నిలదీయొచ్చు. అది మాయ కాదు. జనాభా లెక్కలవాళ్లు ఊరూరా ఇల్లిల్లూ తిరిగారు, వాళ్ల పిక్సెల్ ఊరంత చిన్నది. చిన్న గళ్లను ఏ గీత ప్రకారమైనా మళ్లీ కూడుకోవచ్చు, పెద్ద గడిని మాత్రం చీల్చలేం. ఆరోగ్య సర్వే ఐదో విడతలో, 2019లో, 31 జిల్లాలకూ వేర్వేరుగా వెళ్లింది. జనగామకు ఆ సర్వేలో సొంత ఫొటో దక్కింది అప్పుడే. సర్వే లెక్కల్లో మాత్రం ములుగు అప్పటికీ భూపాలపల్లి చంకలోనే ఉంది.

దూరం నుంచి చూసేవాడికి ఇదంతా ఎందుకంటారా? ఒప్పుకుంటాను. మామూలు కంటికి సుమారు 120 అడుగుల అవతల సెంటీమీటరు గడి విడిగా కనపడదు. బస్సులో పోయేవాడికి ఆ ఫ్లెక్సీ బ్రహ్మాండంగానే ఉంటుంది, ఢిల్లీలో కూర్చున్నవాడికి వరంగల్ ఒక్క చుక్కయినా సరిపోతుంది. ఇక ఏఐ ఉంది కదా అంటారు. ఉంది, కనురెప్పల వెంట్రుకలు కూడా లెక్కపెట్టుకునేంత స్పష్టంగా దిద్దుతుంది. కాకపోతే ఎక్కడెక్కడి ముఖాలో చూసి నేర్చుకున్న అంచనా కనుక, అచ్చయ్యాక కట్టుకున్న భార్య కూడా "ఈయనెవరు?" అనొచ్చు. కొత్త జిల్లాలు దండగా అంటే, కానే కాదు. మహదేవపూర్ రైతుకు కలెక్టరేటు దగ్గరయింది, అక్కడి విషయం నమోదు చేసే కన్ను కూడా దగ్గరయింది. కానీ ఆ కన్ను తెరుచుకుంది 2016లో, అంతకుముందు తీసిన ఫొటో మీద దాని చూపు పడదు. ఊరి వారీ రికార్డు దొరక్కపోతే పట్టికలో 2015 భూపాలపల్లి గడిని ఖాళీగా వదిలేయాలి. అంత ధైర్యం గుమాస్తాకు ఎక్కడినుంచి వస్తుంది? తప్పు అంకె వేసినవాడి జోలికి ఎవరూ పోరు, గడి ఖాళీగా వదిలినవాడికే మెమో.