డి డ్రైవ్ ముట్టకు తమ్మీ!

పాత నిజాం రాజ్యంలో సర్వరోగ నివారిణులు రెండు. మనిషికి ఏమొచ్చినా జిందా తిలిస్మాత్, కంప్యూటర్‌కు ఏమొచ్చినా ఫార్మాట్. 1920లో హైదరాబాద్‌లో పుట్టిన మొదటిది సీసాలో వస్తుంది. రెండోది కంప్యూటర్ బాగుచేసే కుర్రాడి జేబులో, పెన్‌డ్రైవ్‌లో వస్తుంది. బీదర్ జిల్లా మంగళగిలోనూ అదే వైద్యం, హైదరాబాద్ అమీర్‌పేటలోనూ అదే.

సరిహద్దు జిల్లా కావడంతో బీదర్ కంప్యూటర్ బహుభాషావేత్త. టైపు చేయడానికి కన్నడానికి నుడి, తెలుగుకు అను, ఉర్దూకు ఇన్‌పేజ్. నుడిని కర్ణాటక సర్కారు ఉచితంగా ఇస్తుంది. మిగతా రెండూ డబ్బు పెట్టి కొనాల్సినవి, కాబట్టి అవీ ఉచితమే. పెండ్లి పత్రికల పుణ్యమా అని ఇవి చేతులు మారుతూ ఊళ్లు తిరుగుతాయి. ఇన్‌పేజ్‌లోని ఓ లొసుగును పట్టుకుని ఆసియాలోని బ్యాంకుల మీద దాడి చేశారని 2016లో కాస్పర్‌స్కీ బయటపెట్టింది. ఆ వార్త మన పెన్‌డ్రైవ్ దాకా రాలేదు.

ఓ రోజు పొద్దున బ్రౌజర్ తెరిస్తే రమ్మీ ఆడమంటుంది. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లైపోతాయి. ఇంటి యజమాని కబురు పెడతాడు, కుర్రాడొస్తాడు.

“అన్నా, వైరస్ బాగ ఎక్కింది. ఫార్మాట్ కొట్టాలె.”

“కొట్టు తమ్మీ. డి డ్రైవ్ మాత్రం ముట్టకు. పిల్ల పెండ్లి ఫొటోలు, పహాణీలు అన్నీ అండ్లనే ఉన్నయి.”

నీలం తెర మీద డ్రైవ్‌ల జాబితా వస్తుంది. కుర్రాడు సి ని ఎంచి ఫార్మాట్ నొక్కుతాడు. ఒక్క క్షణం, అంతే. డి పచ్చగా ఉంటుంది. అందులో పెళ్లి ఫొటోల పక్కనే ‘సాఫ్ట్‌వేర్స్’ అనే ఫోల్డర్ ఉంటుంది. ఏళ్లుగా దించుకున్న క్రాక్‌లూ కీజెన్‌లూ అందులోనే. వైరస్ తన సామాను సర్దుకుని ముందే అక్కడికి మారింది. కొత్త విండోస్ ఎక్కాక యజమాని చేసే మొదటి పని ఆ ఫోల్డర్ తెరవడమే.

కుర్రాడి పని ఇంకా అవలేదు. విండోస్ తనను కొనమని మూలన కూర్చుని అడుగుతుంటుంది. దాని నోరు మూయించడానికి ఆక్టివేటర్ ఒకటి నడపాలి. అది నడవాలంటే ముందు యాంటీవైరస్ ఆపాలి. వైరస్ పోగొట్టడానికి వచ్చినవాడు మొదట యాంటీవైరస్‌ను పోగొడతాడు. ఆక్టివేటర్‌గా పేరుమోసిన కేఎంఎస్‌పికో నకిలీల్లో క్రిప్ట్‌బాట్ అనే పాస్‌వర్డ్ దొంగను పెట్టి పంచుతున్నారని రెడ్ కానరీ సంస్థ 2021లోనే చెప్పింది. ఇంకో విశేషం: కొనేటప్పుడే అసలు విండోస్‌తో వచ్చిన ల్యాప్‌టాప్‌కు లైసెన్స్ మదర్‌బోర్డులోనే ఉంటుంది. డబ్బులు కట్టిన ఆ అసలును తుడిచి, దాని మీద దొంగ సరుకు ఎక్కించడం ఒక్క మనకే చేతనవును.

వైరస్‌కూ దొంగ కాపీకీ చుట్టరికం నిన్నమొన్నటిది కాదు. ఐబీఎం పీసీలకు సోకిన తొలి వైరస్ ‘బ్రెయిన్’. 1986లో లాహోర్‌లో ఇద్దరు అన్నదమ్ములు రాశారు. తమ వైద్య సాఫ్ట్‌వేర్‌ను దొంగచాటుగా కాపీ కొట్టేవాళ్లకు బుద్ధి చెప్పడానికట. పెద్దమనుషులు, అందులో తమ పేర్లూ చిరునామా ఫోన్ నంబర్లతో సహా ఇచ్చారు. ఇప్పటి వైరస్‌లకు ఆ మర్యాద లేదు.

ఇళ్లను మాత్రమే అనడం అన్యాయం. ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వానాక్రై పోటెత్తింది 2017 మే 12న. దాన్ని ఆపే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. అప్‌డేట్ వస్తే ‘తర్వాత గుర్తుచెయ్యి’ నొక్కడం మన ఆచారం. ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖ, శ్రీకాకుళం జిల్లాల్లో పోలీసు కంప్యూటర్లనే అది పట్టుకుంది. దొంగ నేరుగా ఠాణాకే వచ్చాడు, పట్టుకోవడానికి మాత్రం వీల్లేకపోయింది. తిరుమల తిరుపతి దేవస్థానం కంప్యూటర్లు కొన్నింటినీ వదల్లేదు. ముడుపులు అందుకునే చోటే 300 డాలర్ల ముడుపు అడిగిన ఘనత వానాక్రైది, అదీ బిట్‌కాయిన్‌లో. 2019లో ఇలాంటిదే మరో దాడిలో తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల వంతు వచ్చింది. కరెంటు ఉంది, వెబ్‌సైట్లే పోయాయి.

సరైన పద్ధతి ఏదైనా ఉందా అంటే ఉంది, అందుకే ఎవరికీ నచ్చదు. జబ్బులేని వేరే కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి విండోస్ దించుకోవాలి. దానికి పైసా అక్కర్లేదు, 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. ఫొటోలు, కాగితాలు మాత్రం బయటికి తీసి, ప్రోగ్రాములన్నింటికీ నీళ్లొదలాలి. డి తో సహా పార్టిషన్లన్నీ తీసేసి ఎక్కించాలి. పాస్‌వర్డ్‌లు మార్చాలి, పాతవి దొంగ చేతికి చేరే ఉంటాయి. బ్రౌజర్‌లో సింక్ పెట్టే ముందు ఎక్స్‌టెన్షన్లు చూసుకోవాలి, లేకపోతే పోయిన రమ్మీ ఆకాశమార్గాన తిరిగొస్తుంది. వైరస్ ఏరేసే పనిముట్లను 2017 నుంచి కేంద్రప్రభుత్వ సైబర్ స్వచ్ఛతా కేంద్రం ఉచితంగా ఇస్తోంది. ఉచితమే అయినా సర్కారుది కదా, నమ్మడమెట్లా? ఊరూపేరూ లేనివాడు ఎక్కించిన క్రాక్ అయితే కళ్లు మూసుకుని నొక్కుతాం.

అయినా ఉన్న ఏర్పాటును చెడగొట్టడం దేనికి? ఇందులో నష్టపోతున్నవాళ్లెవరు? కుర్రాడికి నెలకోసారి బేరం. వైరస్‌కు డి డ్రైవ్‌లో సొంతిల్లు. యజమానికి విండోస్ కొనకుండా మిగిల్చిన సొమ్ము, అది ఫార్మాట్‌లకే సరిపోతుందనుకోండి, అది వేరే లెక్క. పిల్ల పెళ్లి ఫొటోలు భద్రంగానే ఉన్నాయి. కాకపోతే అవిప్పుడు వైరస్ అనుమతి లేనిదే తెరుచుకోవు.